నకిలీ ట్రేడింగ్ యాప్‌లో డబ్బు పోతే: తిరిగి రాబట్టుకోవడం ఎలా, జవాబు చెప్పించడం ఎలా

"సెబీకి ఫిర్యాదు పెట్టి నెల దాటింది. డబ్బు రాలేదు. ఇప్పుడేం చేయాలి?" ఇదే ప్రశ్న మాటలు మార్చుకుని మళ్లీ మళ్లీ వస్తోంది. అందుకే జవాబు ముందే చెబుతాను. నకిలీ యాప్‌లో పోయిన డబ్బు స్టాక్ మార్కెట్‌ను నియంత్రించే సెబీకి ఫిర్యాదు పెట్టినంత మాత్రాన రాదు. ఆ డబ్బు అసలు స్టాక్ మార్కెట్ గుమ్మమే తొక్కలేదు. ఎవరో కమీషన్‌కు ఆశపడి అప్పగించిన బ్యాంకు ఖాతాలో పడి, అక్కడి నుంచి ఇంకో పది ఖాతాలకు చీలిపోయింది. దాన్ని ఆపగలిగేవి బ్యాంకులు, వాటిని కదిలించేవారు పోలీసులు, తిరిగి ఇప్పించేది కోర్టు. ఇది ఒక దారి.

"ఇంతమంది మోసపోతుంటే నియంత్రణ సంస్థలు ఏం చేస్తున్నాయి?" అని నిలదీయడం రెండో దారి. సెబీ, రిజర్వు బ్యాంకు, సామాజిక మాధ్యమ సంస్థలు ఈ దారిలో వస్తాయి. రెండూ నడవాల్సినవే. అయితే మొదటిదానికి గంటలు లెక్క, రెండోదానికి నెలలు పట్టినా నష్టం లేదు. చాలామంది దీన్ని తలకిందులు చేస్తున్నారు. మొదటి వారమంతా సెబీకి, ప్రధానమంత్రి కార్యాలయానికి ఉత్తరాలు రాస్తూ గడిపి, సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి ఫోను చేసేసరికి ఖాతాలన్నీ ఖాళీ అయిపోతున్నాయి.

ముందుగా దగ్గర పెట్టుకోవలసినవి

- డబ్బు పంపిన ప్రతి ఖాతాకూ బ్యాంకు స్టేట్‌మెంట్, పీడీఎఫ్ రూపంలో.
- ప్రతి చెల్లింపుకూ యూటీఆర్ (లావాదేవీ గుర్తింపు) నంబరు. యూపీఐ, ఐఎంపీఎస్ అయితే 12 అంకెలుంటాయి. నెఫ్ట్‌కు 16, ఆర్‌టీజీఎస్‌కు 22 అక్షరాలు, అంకెలు కలిపి ఉంటాయి.
- వాట్సాప్ లేదా టెలిగ్రామ్ సంభాషణ మొత్తం, గ్రూపు ఆహ్వాన లింకు, నిర్వాహకుల ఫోను నంబర్లు.
- యాప్ లేదా వెబ్‌సైట్ పూర్తి చిరునామా, అందులో మీ బ్యాలెన్సు చూపే తెర ఫోటోలు.
- ఆధార్ లేదా మరేదైనా గుర్తింపు పత్రం.

ఇవన్నీ సిద్ధమయ్యాక ఫోను చేద్దామని ఆగవద్దు. చేతిలో స్టేట్‌మెంట్ ఒక్కటుంటే 1930కి చేయవచ్చు. మిగతావి తర్వాత చేర్చవచ్చు.

1. ఇంకొక్క రూపాయి కూడా పంపవద్దు

యాప్‌లో మీ పేరున రూ.38 లక్షలు ఉన్నట్టు కనిపిస్తుంది. తీసుకోబోతే "20 శాతం పన్ను ముందుగా కట్టాలి" అంటారు. అది కడితే ఖాతా తెరిపించే రుసుము, అదీ కడితే మనీలాండరింగ్ తనిఖీకి డిపాజిట్. లాభంపై పన్నును మీరు ఆదాయపు పన్ను శాఖకు కడతారు తప్ప ఏ బ్రోకరూ తన ఖాతాకు పంపమని అడగడు. తెర మీది అంకె ఎవరో కంప్యూటర్ దగ్గర కూర్చుని కొట్టినది. దాని వెనుక ఒక్క షేరు కూడా లేదు.

మోసం సంగతి మీకు తెలిసిపోయిందని వాళ్లకు చెప్పవద్దు. బెదిరించినా, తిట్టినా ముందు గ్రూపు మాయమవుతుంది, దానితోపాటు మీ సాక్ష్యమూ పోతుంది.

ఇక్కడే ఇంకో జాగ్రత్త ఉంది. నమ్మకం కలగడానికి మొదట్లో మీకు ఐదో పదో వేలు "విత్‌డ్రా" ఇచ్చి ఉంటారు. అది చాలావరకు మీలాంటి మరో బాధితుడు పోగొట్టుకున్న సొమ్మే. అతను ఫిర్యాదు చేస్తే ఆ గొలుసులో మీ ఖాతా కూడా తేలి, అందులోని సొమ్మును కదలనీయకుండా బ్యాంకు ఆపవచ్చు, అంటే హోల్డ్‌లో పడవచ్చు. అందుకని మీకు వచ్చిన మొత్తాన్ని కూడా తేదీతో సహా ఫిర్యాదులో రాయండి. దాచితే తర్వాత సంజాయిషీ మీరే చెప్పుకోవాల్సి వస్తుంది.

2. 1930కి ఫోను చేయండి, తర్వాత పోర్టల్‌లో పూర్తి చేయండి

1930 కేంద్ర హోంశాఖ నడిపే సైబర్ నేరాల సహాయ నంబరు. దేశంలో ఎక్కడి నుంచైనా చేయవచ్చు. మీరు చెప్పిన లావాదేవీలు బ్యాంకులన్నీ కలిసి ఉన్న ఒకే వ్యవస్థలోకి వెళతాయి. డబ్బు చేరిన బ్యాంకు అక్కడ ఎంత మిగిలి ఉంటే అంత ఆపుతుంది. ముందుకు వెళ్లిపోయి ఉంటే తర్వాతి బ్యాంకుకు కబురు వెళుతుంది. లైను దొరకకపోతే సైబర్‌క్రైమ్ డాట్ జీఓవీ డాట్ ఇన్ పోర్టల్‌లో ఆర్థిక మోసాల విభాగం కింద నేరుగా నమోదు చేయండి.

ఫోను చేశాక రసీదు సంఖ్యతో సందేశం వస్తుంది. 24 గంటల్లోగా పోర్టల్‌లో మిగతా వివరాలు నింపాలి. ఫోనుతో పని అయిపోయిందనుకుని చాలామంది ఇక్కడే ఆగిపోతారు.

పోర్టల్‌లో ఎక్కువగా జరిగే తప్పులు ఇవి.

మొత్తాన్ని ఒకే అంకెగా రాయడం. "మే నెలలో 14 లక్షలు పంపాను" అని రాస్తే ఏ బ్యాంకూ ఏమీ ఆపలేదు. పద్దెనిమిది సార్లు పంపితే పద్దెనిమిది వరుసలు రావాలి. ఒక్కో వరుస ఇలా ఉండాలి: 12-05-2025, ఉదయం 11:42, రూ.50,000, ఐఎంపీఎస్, నా బ్యాంకు పేరు, ఖాతా నంబరు, యూటీఆర్, చేరిన ఖాతా నంబరు, ఆ బ్యాంకు ఐఎఫ్‌ఎస్‌సీ. ఈ పట్టిక ఒకసారి చేసి పెట్టుకుంటే బ్యాంకు, పోలీసు స్టేషను, కోర్టు మూడు చోట్లా అదే పనికొస్తుంది. ఈ మొత్తం వ్యవహారంలో మీరు చేసే అతి విలువైన పని ఇదేనని నా అభిప్రాయం.

పాత చెల్లింపులు వదిలేయడం. వారం క్రితం పంపినవి ఎలాగూ పోయాయి కదా అని చివరి రెండూ రాస్తారు. రాయని సొమ్మును తర్వాత కోర్టులో అడగడం కష్టం. అన్నీ రాయండి, కాకపోతే ఇటీవలివి ముందు చెప్పండి.

సొంత ఖాతాను, నిందితుల ఖాతాను తారుమారు చేసి నింపడం. నవ్వులాటగా అనిపించవచ్చు గానీ కంగారులో జరుగుతుంది. సమర్పించే ముందు ఇంకొకరితో చదివించండి.

తల్లిదండ్రుల పదవీ విరమణ సొమ్ము పోతే పిల్లలు ఫోను చేయడం మామూలే. చేయండి, అయితే ఫిర్యాదు మాత్రం ఖాతాదారు పేరు మీదే ఉండాలి. రేపు డబ్బు తిరిగి వచ్చేది వారి ఖాతాకే.

సరిచూసుకోవడం: రసీదు సంఖ్యతో పోర్టల్‌లో ఫిర్యాదు స్థితి చూడండి. అది ఏ పోలీసు స్టేషనుకు వెళ్లిందో తెలియాలి. తెలియకపోతే మళ్లీ 1930కి చేసి అడగండి.

3. అదే రోజు మీ బ్యాంకుకు రాతపూర్వకంగా ఇవ్వండి

పట్టిక జతచేసి ఒక పేజీ ఉత్తరం చాలు. శాఖలో ఇచ్చి, నకలు మీద ముద్ర, తేదీ, సమయం వేయించుకోండి. దూరంగా ఉంటే బ్యాంకు అధికారిక ఈమెయిల్‌కు పంపండి. ఈ సమయం ముద్ర ఎందుకో ఆరో మెట్టులో తెలుస్తుంది.

రిజర్వు బ్యాంకు 2017 జులై 6 నాటి సర్క్యులర్ ప్రకారం మూడు పనిదినాల్లో చెబితే మొత్తం డబ్బు బ్యాంకే ఇవ్వాలని చాలామంది వాదిస్తారు. అది మీ ప్రమేయం లేకుండా ఖాతా నుంచి డబ్బు పోయిన సందర్భాలకు. ట్రేడింగ్ మోసంలో పిన్ కొట్టి పంపింది మీరే. మోసపోయి పంపారు, అయినా పంపింది మీరే. ఆ సర్క్యులర్ మీద ఆశ పెట్టుకుని కూర్చోవద్దు. మీ ఫోనులో వాళ్లు దూర నియంత్రణ యాప్ పెట్టించి తామే డబ్బు లాగి ఉంటే మాత్రం సంగతి వేరు. ఆ లావాదేవీలను విడిగా గుర్తించి రాయండి.

4. సాక్ష్యం భద్రం చేయండి

గ్రూపును రిపోర్ట్ చేయాలని, బ్లాక్ చేయాలని చేయి దురద పెడుతుంది. దానికి ముందే చాట్‌ను ఎక్స్‌పోర్ట్ చేయండి. పేర్లు కనిపించే తెర ఫోటో చాలదు. పేరు మీద నొక్కి నంబరు కనిపించేలా తీయండి. యాప్‌ను తొలగించవద్దు, ఫోనును రీసెట్ చేయవద్దు. కోర్టులో ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 కింద ధ్రువపత్రం కావాలి. మూలం మీ ఫోనులో ఉంటేనే ఆ ధ్రువపత్రానికి బలం. ఆ యాప్ బ్యాంకు సందేశాలు చదువుతోందని అనుమానముంటే ఆ ఫోనులో సిమ్ తీసి, ఆపి, పక్కన పెట్టి, వేరే ఫోను వాడుకోండి.

5. ఎఫ్ఐఆర్ చేయించండి

పోర్టల్ రసీదు ఎఫ్ఐఆర్ కాదు. స్టేషనులో ఇచ్చే పిటిషన్ రసీదు కూడా కాదు. ఎఫ్ఐఆర్‌కు సొంత నంబరు, సంవత్సరం, సెక్షన్లు ఉంటాయి. అది లేకుండా కోర్టులో డబ్బు అడగడం కష్టమవుతుంది.

మీ పరిధిలోని సైబర్ క్రైమ్ స్టేషనుకు లేదా మామూలు స్టేషనుకు వెళ్లండి. తెలంగాణలో సైబర్ సెక్యూరిటీ బ్యూరో స్టేషన్ల వారీగా సైబర్ వారియర్లను నియమించింది. లోపలికి వెళ్లగానే వారిని అడిగితే పని తొందరగా సాగుతుంది. సాధారణంగా భారతీయ న్యాయ సంహితలో మోసానికి 318(4), మారువేషపు మోసానికి 319(2), ఐటీ చట్టంలో 66డి వస్తాయి. నకిలీ సెబీ పత్రం, నకిలీ షేర్ల కేటాయింపు లేఖ చూపి ఉంటే ఫోర్జరీ సెక్షన్లు కూడా చేర్చమని అడగండి. 2024 జులై 1కి ముందు జరిగిన నేరమైతే పాత ఐపీసీ సెక్షన్లు పడతాయి.

"మా పరిధి కాదు" అంటే జీరో ఎఫ్ఐఆర్ అడగండి. పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 173 పరిధితో నిమిత్తం లేకుండా నమోదు చేయాలంటుంది. అయినా కాదంటే అదే సెక్షన్‌లోని నాలుగో ఉపసెక్షన్ ప్రకారం విషయాన్ని రాసి ఎస్పీకి పోస్టులో పంపండి. కమిషనరేట్‌లో అయితే డీసీపీకి పంపాలి. అక్కడా కదలకపోతే మేజిస్ట్రేటు దగ్గర దరఖాస్తు. రిజిస్టర్డ్ పోస్టు రసీదును పారేయకండి, మేజిస్ట్రేటు మొదట అడిగేది అదే.

ఎఫ్ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి. తీసుకుని అక్కడే నిలబడి చదవండి. మీ పట్టికలోని మొత్తం, యూటీఆర్‌లు, నిందితుల ఖాతాలు సరిగా ఉన్నాయా? ఒక్క అంకె తప్పినా అనుబంధ వాంగ్మూలం ఇస్తానని అప్పుడే చెప్పండి.

ఇంకో హక్కు చాలామందికి తెలియదు. అదే సంహితలోని సెక్షన్ 193(3) ప్రకారం దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోగా పోలీసులు మీకు తెలియజేయాలి. 91వ రోజున ఆ సెక్షన్‌ను ఉటంకిస్తూ మర్యాదగా ఒక ఉత్తరం ఇవ్వండి. స్టేషను మెట్ల మీద చేసే వాదన కన్నా ఇది బాగా పనిచేస్తుంది.

6. హోల్డ్‌లో ఉన్న సొమ్మును కోర్టు ద్వారా అడగండి

బ్యాంకు సొమ్మును ఆపిందంటే అది మీకు వచ్చేసినట్టు కాదు. ఆ ఖాతాలోనే నిలిచి ఉంది, అంతే. దర్యాప్తు అధికారిని మూడు విషయాలు అడగండి: ఏ బ్యాంకులో, ఏ ఖాతాలో, ఎంత ఆగింది? అందులో మీ లావాదేవీకి చెందినది ఎంత? అదే ఖాతా మీద ఇంకెందరు ఫిర్యాదు చేశారు? మూడోది ముఖ్యం. ఒకే ఖాతాలో ఆగిన రెండు లక్షల కోసం ఐదుగురు బాధితులు ఉంటే పంపకం గొడవ వస్తుంది. మీ సొమ్ము ఆ ఖాతాలో ఏ సమయానికి పడింది, హోల్డ్ ఎప్పుడు పడింది అన్నది అప్పుడు తేల్చే ఆధారం. మూడో మెట్టులో వేయించుకున్న ముద్ర ఇక్కడ మాట్లాడుతుంది.

తర్వాత న్యాయవాది ద్వారా సంబంధిత మేజిస్ట్రేటు కోర్టులో సొమ్ము విడుదలకు దరఖాస్తు వేయాలి. నాగరిక్ సురక్షా సంహితలో 497, 503 సెక్షన్లు దీనికి వాడతారు. అందులో ఎఫ్ఐఆర్, మీ పట్టిక, స్టేట్‌మెంట్, హోల్డ్ వివరాలు ఉండాలి. మీ డబ్బు జమ కావాల్సిన ఖాతా నంబరును విడిగా, స్పష్టంగా రాయించండి. ఉత్తర్వులో ఖాతా నంబరు తప్పు పడితే దాన్ని సవరించుకోవడానికే మళ్లీ వాయిదాలు తిరగాలి.

తెలంగాణలో 2024 నుంచి జాతీయ లోక్ అదాలత్‌ల ద్వారా కూడా ఇలా ఆగిన సొమ్మును బాధితులకు విడుదల చేయిస్తున్నారు. వేలమంది ఈ దారిలో కొంత డబ్బు తెచ్చుకున్నారు. వచ్చే లోక్ అదాలత్ జాబితాలో మీ కేసు చేర్చమని దర్యాప్తు అధికారిని, జిల్లా న్యాయసేవాధికార సంస్థను ముందుగానే అడగండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. ఫోను నంబరు 15100.

హోల్డ్ శాశ్వతం కాదు. ఖాతాదారుడు కోర్టుకు వెళ్లి ఎత్తివేయించుకునే అవకాశం ఉంది. అందుకే ఎంత ఆగిందో తెలిసిన వారంలోనే దరఖాస్తు పని మొదలుపెట్టండి.

ఎంత వస్తుంది? ఆగినంతలోంచే వస్తుంది. మొదటి గంటల్లో ఫోను చేసినవారికి చెప్పుకోదగ్గంత ఆగవచ్చు. రెండు నెలల తర్వాత చేసినవారికి సున్నా అని తేలవచ్చు. ఈ మాట ముందే చెప్పే వకీలును నమ్మండి, "మొత్తం తెప్పిస్తాను" అనేవాడిని కాదు.

7. ఇప్పుడు జవాబు అడిగే పని

ఏ ప్రశ్న ఎవరిని అడగాలో తేల్చుకోవాలి. ఒకే ఉత్తరం పది చోట్లకు పంపితే ఒకరి నుంచి ఇంకొకరికి బదిలీ అవుతూ తిరిగి తిరిగి ఆగిపోతుంది.

*సెబీ.* స్కోర్స్ పోర్టల్ సెబీలో నమోదైన సంస్థల మీద, లిస్టెడ్ కంపెనీల మీద ఫిర్యాదులకు. మీ డబ్బు తీసుకున్నది నిజమైన బ్రోకరు, అతని అధీకృత ప్రతినిధి, నమోదైన సలహాదారు అయితే ఇదే సరైన చోటు. ఏడాదిలోపు పెట్టాలి. సంస్థ 21 రోజుల్లో జవాబివ్వాలి. నచ్చకపోతే 15 రోజుల్లో సమీక్ష కోరవచ్చు. ఆ తర్వాత స్మార్ట్ ఓడీఆర్ అనే ఆన్‌లైన్ వివాద పరిష్కార వేదిక ద్వారా రాజీ, మధ్యవర్తిత్వం ఉన్నాయి. మోసగాడు నిజమైన సంస్థ పేరును దొంగిలించి వాడితే, ఆ సంస్థకు స్కోర్స్‌లో ఫిర్యాదు పెట్టినా "మాకు సంబంధం లేదు" అనే జవాబే వస్తుంది. అది అబద్ధం కూడా కాదు. అలాంటప్పుడు సెబీని సమాచార హక్కు కింద అడగాలి.

*సమాచార హక్కు.* రుసుము రూ.10, ఆన్‌లైన్‌లోనే వేయవచ్చు, 30 రోజుల్లో జవాబు రావాలి. "మీరు ఎందుకు చర్య తీసుకోలేదు?" అని అడిగితే అది సమాచారం కిందికి రాదని తిప్పి పంపుతారు. రికార్డు అడగండి. "ఫలానా యాప్ పేరుతో, ఫలానా వెబ్ చిరునామాతో 2024 జనవరి 1 నుంచి మీకు అందిన ఫిర్యాదుల సంఖ్య, మొదటి ఫిర్యాదు అందిన తేదీ, దానిపై ఏ సంస్థకు లేఖ రాశారో ఆ తేదీ, ఆ లేఖ నకలు." ఇలా అడిగితే తప్పించుకోవడం కష్టం. మీకన్నా ఆరు నెలల ముందే ఫిర్యాదు అందిందని తేలితే, ఆ కాగితం మీ ఎమ్మెల్యే, ఎంపీ, విలేకరి, న్యాయవాది అందరికీ పనికొస్తుంది. జవాబు రాకపోయినా, అరకొరగా వచ్చినా 30 రోజుల్లో మొదటి అప్పీలు, ఆపైన 90 రోజుల్లో కేంద్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. దర్యాప్తుకు ఆటంకమన్న మినహాయింపు చూపవచ్చు. కేవలం సంఖ్యలు, తేదీలు ఇస్తే ఆటంకం ఎలా అవుతుందో అప్పీలులో అడగండి.

*రిజర్వు బ్యాంకు ఓంబుడ్స్‌మన్.* మీరు చెప్పిన గంటకు, బ్యాంకు కదిలిన గంటకు మధ్య తేడా ఉంటే అది సేవాలోపం. ముందు బ్యాంకుకే ఫిర్యాదు చేయాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా రిజర్వు బ్యాంకు ఫిర్యాదుల పోర్టల్ సీఎంఎస్‌లో ఓంబుడ్స్‌మన్‌కు పెట్టండి. పోలీసు కేసు నడుస్తోందని దీన్ని తోసిపుచ్చరు. అదే విషయం మీద సివిల్ కోర్టులోనో వినియోగదారుల కమిషన్‌లోనో వేసి ఉంటే మాత్రం తీసుకోరు. రెంటిలో ఒకటి ఎంచుకోవాలి.

*సామాజిక మాధ్యమాలు.* ప్రకటన ఎక్కడ చూశారో ఆ సంస్థ ఫిర్యాదుల అధికారికి లింకుతో రాయండి. జవాబు తృప్తిగా లేకపోతే 30 రోజుల్లో కేంద్రం ఏర్పాటు చేసిన అప్పీలు కమిటీకి ఆన్‌లైన్‌లో వెళ్లవచ్చు. దీనివల్ల డబ్బు రాదు. ఆ ప్రకటన ఇంకొకరిని ముంచకుండా ఆగవచ్చు. ఫోను నంబర్లను టెలికాం శాఖ పోర్టల్ సంచార్ సాథీలోని చక్షు విభాగంలో నమోదు చేయండి.

8. "మీ డబ్బు తెప్పిస్తాం" అనేవాళ్లు

ఫిర్యాదు పెట్టిన కొన్నాళ్లకు ఫోను వస్తుంది. సైబర్ అధికారి అనో, సెబీ రికవరీ విభాగం అనో, హ్యాకర్ అనో అంటారు. మీ పేరు, పోయిన మొత్తం సరిగ్గా చెబుతారు, ఎందుకంటే మిమ్మల్ని ముంచిన జాబితా వాళ్ల దగ్గరే ఉంది, లేదా వాళ్ల నుంచి కొన్నారు. ముందుగా రుసుము అడిగితే ఫోను పెట్టేయండి. సొమ్ము విడుదల చేయడానికి పోలీసులు గానీ, కోర్టు గానీ, సెబీ గానీ మీతో యూపీఐ చేయించుకోరు. ఆ నంబరును కూడా పాత ఫిర్యాదుకే జతచేయించండి.

కొన్ని ప్రత్యేక సందర్భాలు

డబ్బు క్రిప్టోగా మార్చి పంపి ఉంటే లావాదేవీ హ్యాష్ (ఆ లావాదేవీ గుర్తింపు సంకేతం), అవతలి వాలెట్ చిరునామా, మీరు కొన్న ఎక్స్ఛేంజి వివరాలు పట్టికలో చేర్చండి. ఎక్స్ఛేంజికి అదే రోజు రాయండి.

అమెరికాలో ఉన్నవారు ఎఫ్‌బీఐ నడిపే ఇంటర్నెట్ నేరాల ఫిర్యాదు కేంద్రం ఐసీ3కి ఫిర్యాదు చేస్తూనే, పంపిన సొమ్మును వెనక్కి రప్పించమని (వైర్ రీకాల్) బ్యాంకును అడగాలి. బ్రిటన్‌లో పరిస్థితి కొంత మెరుగు. 2024 అక్టోబరు 7 తర్వాత మోసపోయి మీరే దేశంలోని ఖాతాకు పంపిన డబ్బును కూడా నిబంధనలకు లోబడి 85,000 పౌండ్ల వరకు బ్యాంకులు తిరిగి ఇవ్వాలి. మన దేశంలో అంత మేరకు రక్షణ ఎందుకు లేదని అడగడానికి ఇది మంచి ఉదాహరణ.

ఇంకా పంపలేదు, పంపబోతున్నారు అనుకుంటే ఆ యూపీఐ ఐడీ చూడండి. 2025 అక్టోబరు నుంచి సెబీలో నమోదైన బ్రోకర్లకు, మ్యూచువల్ ఫండ్లకు చివర "వ్యాలిడ్" అనే మాట, ఆపైన బ్యాంకు పేరు ఉండే ప్రత్యేక ఐడీలు ఇచ్చారు. బ్యాంకు ఖాతా నంబరును సెబీ వారి తనిఖీ సాధనం సెబీ చెక్‌లో కొట్టి చూడవచ్చు. విదేశీ సంస్థాగత మదుపరుల ఖాతా ద్వారా మీకు షేర్లు చవకగా ఇప్పిస్తామంటే ఏమీ వెతకనక్కరలేదు. సాధారణ మదుపరులకు అలాంటి దారే లేదని సెబీ 2024 ఫిబ్రవరిలోనే ప్రకటించింది.

ఏ రోజున ఏం చూసుకోవాలి

మొదటి రోజు: 1930 రసీదు, బ్యాంకు ముద్ర. రెండో రోజు: పోర్టల్‌లో అన్ని వరుసలూ చేరాయా. వారంలోపు: ఎఫ్ఐఆర్ నంబరు, లేదా ఎస్పీకి పంపిన పోస్టు రసీదు. నెలలోపు: హోల్డ్ అయిన ఖాతాల జాబితా, కోర్టు దరఖాస్తు. 31వ రోజు: బ్యాంకు జవాబు రాకపోతే ఓంబుడ్స్‌మన్, సమాచార హక్కు జవాబు రాకపోతే మొదటి అప్పీలు. 91వ రోజు: దర్యాప్తు స్థితి కోరుతూ స్టేషనుకు ఉత్తరం. వీటిని ఫోను క్యాలెండర్‌లో ఇప్పుడే పెట్టుకోండి.